లాగగలదు సరే, ఆపగలదా?

కారు వెనక క్యాంపర్ ట్రైలర్ తగిలించుకుని తీరం వెంట తిరగాలన్న ముచ్చట మన రోడ్లకూ వచ్చింది. ఏ బండికి ఎంత బరువన్న లెక్క మాత్రం ఇంకా రాలేదు.

పుదుచ్చేరిలో కొన్ని కుటుంబాలకు రెండు దేశాల కాగితాలూ పరిచయమే. 1954లో ఫ్రెంచి పాలన ముగిసి, 1962లో విలీనం చట్టబద్ధమయ్యాక కూడా ఫ్రెంచి పౌరసత్వం వదులుకోని కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. తమ్ముడు ముత్తియాల్‌పేటలో, అన్న పారిస్ శివార్లలో ఉన్నారనుకుందాం. ఇద్దరికీ కార్లున్నాయి. అన్న కారు రిజిస్ట్రేషన్ పత్రాన్ని అక్కడ ‘కార్త్ గ్రీజ్’ అంటారు. అందులో ఎఫ్.2 అన్న గడి చూస్తే మనుషులు, సామానుతో కలిపి కారు ఎంత బరువు దాటకూడదో ఉంటుంది. దాని కిందే ఎఫ్.3. కారు, దాని వెనక ట్రైలర్, రెంటిలోని సామాను అంతా కలిపి మొత్తం ఎంత మించకూడదో ఆ గడి చెబుతుంది. ఇక తమ్ముడి ఆర్సీలో కారు ఖాళీ బరువు ఉంటుంది. ట్రైలర్‌తో కలిపి ఎంత అన్న గడే కనిపించదు.

నిన్నమొన్నటి వరకూ ఆ గడి లేదని బాధపడ్డవాళ్లెవరూ లేరు. మన దేశంలో ట్రైలర్ అంటే ట్రాక్టరు వెనక ట్రాలీయో, ఓడరేవు దారిలో కంటెయినరో. ‘క్యాంపర్’ కావాలని అడిగితే చాలా ఊళ్లలో షోరూమ్‌వాళ్లు బొలెరో పికప్ చూపిస్తారు. పర్యాటక శాఖల ఆలోచన కూడా ఇంజనూ పడకా ఒకే చాసిస్ మీద ఉండే కారవాన్ల చుట్టూనే తిరిగింది. కేరళ 2021లో ఆర్భాటంగా మొదలుపెట్టిన ‘కేరవాన్ కేరళ’ ఆ కోవలోదే. కానీ ఎస్‌యూవీ ఉన్నవాళ్ల ఆశ వేరు. ఉన్న కారు వెనకే చిన్న ఇల్లు తగిలించుకుంటే చాలదా అని. అలాంటి ట్రైలర్లను దేశంలోనే తయారుచేసి అమ్మేవాళ్లూ వచ్చారు. చెన్నై నుంచి సుమారు 150 కిలోమీటర్లు సముద్రాన్ని ఆనుకుని వచ్చే ఈస్ట్ కోస్ట్ రోడ్డు, చివర్లో పుదుచ్చేరి. ఈ సరదాకు ఇంతకన్నా మంచి దారి దొరకడం కష్టం. శని, ఆదివారాల్లో ఆ దారి పొడవునా ఆంధ్ర, తెలంగాణ నంబర్ల బండ్లు కనిపిస్తూనే ఉంటాయి.

అమ్మేవాడిని ‘నా బండి దీన్ని లాగుతుందా?’ అని అడిగితే, లాగుతుందనే అంటాడు. అందులో అబద్ధమూ లేదు. ఇవాళ్టి డీజిల్ ఇంజన్ల బలానికి టన్ను బరువును చదునైన రోడ్డు మీద కదిలించడం పెద్ద పని కాదు. అడగాల్సింది వేరే ప్రశ్న. ఆ బరువును ఆపగలదా? మలుపులో అదుపులో పెట్టగలదా? వెనక ఇరుసు, టైర్లు, కొక్కెం బిగించిన చాసిస్ తట్టుకుంటాయా? ఒక వాహనం ఎంత లాగవచ్చో తయారీదారు చెప్పే అంకె వీటన్నిటినీ చూసి ఇచ్చేది. ఇంజను హార్స్‌పవర్‌ను చూసి మనం ఊహించుకునేది కాదు.

ఆ అంకె దొరికినా కథ అక్కడితో అయిపోదు. నెల్లూరు నుంచి బయలుదేరే ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. కారు ఖాళీ బరువు 2000 కిలోలు. నిండుగా 2600 మించకూడదు. బ్రేకులున్న ట్రైలరైతే 1500 కిలోల దాకా లాగవచ్చు. కారూ ట్రైలరూ కలిపి మొత్తం 3500 దాటకూడదు. నమూనా కోసం వేసుకున్న అంకెలే అయినా, మధ్యస్థాయి ఎస్‌యూవీకి అసాధ్యమైనవి కావు. ఇక ట్రైలర్. బ్రోచర్‌లో దాని బరువు 850 కిలోలు. అది ఖాళీ బరువు. ట్యాంకులో 80 లీటర్ల నీళ్లు పోస్తే 80 కిలోలు. బ్యాటరీ 40. పొయ్యి, చిన్న గ్యాస్ సిలిండర్ 20. ఫ్రిజ్, పరుపులు, గిన్నెలు, బియ్యం, పప్పులు, మడత కుర్చీలు 160. మొత్తం 1150. పదిహేను వందలు లాగే బండికి పదకొండు వందల యాభై. ఇంకా 350 కిలోలు మిగులున్నట్టే కనిపిస్తుంది.

ఇప్పుడు కారు సంగతి. అయిదుగురు మనుషులు 325 కిలోలు. డిక్కీలో సామాను 100. టాప్ మీద క్యారియర్, దాని మీద టెంటు 60. వెనక బిగించిన కొక్కెం, దాని ఇనుము 30. అంటే 2000 కిలోల కారు 2515 అయింది. దానికి ట్రైలర్ 1150 కలపండి. 3665. పరిమితి 3500. మిగులనుకున్న 350 కిలోలు ఏమయ్యాయో తెలియదు గానీ, 165 కిలోలు ఎక్కువయ్యాయి.

తప్పు ఎక్కడుందంటే, 1500 అన్న సామర్థ్యం కారు దాదాపు ఖాళీగా ఉన్నప్పటి మాట. కారులోకి ఎక్కే ప్రతి మనిషీ, ప్రతి పెట్టే ట్రైలర్ కోటాలోంచి అంత తీసేసుకుంటాడు. బ్రిటన్‌లో కొత్తగా కారవాన్ లాగేవాళ్లకు ఒక కొండగుర్తు చెబుతారు. నింపిన ట్రైలర్ బరువు కారు ఖాళీ బరువులో 85 శాతం దాటకుండా చూసుకోమని. మన నెల్లూరు కుటుంబం ట్రైలర్ 58 శాతం కూడా లేదు. కొండగుర్తు ప్రకారం దర్జాగా పాసైంది, మొత్తం బరువు దగ్గర ఫెయిలైంది.

ఇంకో లెక్క ఉంది. దాన్ని మన పల్లెల్లో బండి తోలిన ఏ రైతైనా అర్థం చేసుకుంటాడు. ఎడ్లబండి వెనకబరువైతే నొగ లేచి, కాడి ఎద్దుల మెడల మీద నిలవదు. మరీ ముందుబరువైతే మెడలు కుంగిపోతాయి. అందుకే బస్తాలు సర్దేటప్పుడు కొద్దిగా ముందుబరువు ఉండేట్టు చూస్తారు. ట్రైలర్ కొక్కెం మీద పడే బరువూ అంతే. ఐరోపాలో ట్రైలర్ బరువులో సుమారు 5 నుంచి 7 శాతం కొక్కెం మీద ఉండాలంటారు. పెద్ద ట్రైలర్లు లాగే అమెరికాలో 10 నుంచి 15 శాతం అంటారు. ఏడు శాతమే అనుకున్నా మన 1150 కిలోల ట్రైలర్‌కు 80 కిలోలు. అది కారు వెనక భాగం మోసే బరువు కాబట్టి, 2515కు అది కలిపితే 2595. పరిమితి 2600. అయిదు కిలోలు మిగిలాయి, దారిలో ఒక పుచ్చకాయ కొనుక్కోవచ్చు.

ఆ బరువు తగ్గించుకోవాలని సామానంతా ట్రైలర్ వెనక్కి నెట్టేస్తే అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది. వెనకబరువు ట్రైలర్ వేగం పెరిగేకొద్దీ అటూ ఇటూ పాములా ఊగుతుంది. ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కారు, ట్రైలర్ల మీద చేసిన ప్రయోగాల్లో కూడా స్థిరత్వానికి ముఖ్యమని తేలింది ట్రైలర్‌లో బరువు ఎక్కడ పెట్టారన్నదీ, ఇరుసు ఎక్కడుందన్నదీ. సముద్రపు గాలి పక్క నుంచి కొడుతున్నప్పుడు, ఒక బస్సు ఒరుసుకుంటూ దాటిపోయినప్పుడు ఊగడం మొదలైందంటే, స్టీరింగు నిటారుగా పట్టుకుని యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీయడమే మార్గం. గట్టిగా బ్రేకు వేసినా, వేగం పెంచి సరిచేద్దామనుకున్నా పరిస్థితి చెయ్యిదాటుతుంది.

వేగం సంగతీ చెప్పుకోవాలి. గంటకు 60 కిలోమీటర్ల నుంచి 80కి పోతే వేగం మూడో వంతే పెరుగుతుంది, ఆపాల్సిన శక్తి మాత్రం 78 శాతం పెరుగుతుంది. ట్రైలర్‌కు సొంత బ్రేకులు లేకపోతే ఆ భారమంతా కారు బ్రేకులదే. ఐరోపాలో 750 కిలోలు దాటిన ట్రైలర్‌కు బ్రేకులు ఉండి తీరాలి. పుదుచ్చేరి చూసుకుని అటు నుంచి ఏర్కాడుకు పోదామనుకునేవాళ్లకు ఇది మరీ అవసరం. ఆ ఘాట్‌లో 20 హెయిర్‌పిన్ మలుపులున్నాయి. దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కాక వెనక టన్ను బరువు తోస్తుంటే చేయగలిగింది పెద్దగా ఉండదు.

మన కంపెనీలకు ఈ అంకెలు తెలియవని కాదు. మహీంద్రా స్కార్పియో-ఎన్‌ను ఆస్ట్రేలియాలోనూ అమ్ముతున్నారు. బ్రేకులున్న ట్రైలరైతే 2500 కిలోలు, బ్రేకులు లేనిదైతే 750 కిలోలు లాగవచ్చని అక్కడ ప్రకటించారు. అక్కడి కొనుగోలుదారు మొదట అడిగే ప్రశ్నల్లో అదొకటి కనుక చెప్పక తప్పదు. అయితే ఆ అంకె చూసి ఇక్కడి బండికి ట్రైలర్ తగిలించేయకూడదు. అది అక్కడి మోడల్‌కు, అక్కడి కొక్కేనికి, అక్కడి నిబంధనలకు ఇచ్చిన హామీ. మీ బండి మాన్యువల్‌లో లేకపోతే కంపెనీ నుంచి లిఖితంగా తీసుకోండి. ఇవ్వకపోతే, ఆ బండికి ట్రైలర్ లేదనుకోవడమే క్షేమం. ఫలానా వెల్డింగ్ షాపులో బిగిస్తారన్నది జవాబు కాదు. తయారీదారు ఇచ్చిన స్వరూపం నుంచి వాహనాన్ని మార్చడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఒక కేసులో స్పష్టం చేసింది. కొక్కెం ఆ మార్పుల్లోకి వస్తుందో రాదో ఆర్టీవోను ముందే అడగడం, ప్రమాదం తర్వాత బీమా సర్వేయరుతో వాదించడం కన్నా తేలిక.

చట్టం ట్రైలర్‌ను పూర్తిగా మరిచిపోలేదు. 1988 మోటారు వాహనాల చట్టం దృష్టిలో ఇంజను లేకపోయినా ట్రైలర్ మోటారు వాహనమే. దానికి రిజిస్ట్రేషన్ వేరే ఉండాలి, లాగే బండి నంబరు ట్రైలర్ మీద కూడా కనిపించాలి. లైసెన్సు విషయంలో కోర్టులు కొంత ఉదారంగానే ఉన్నాయి. ట్రాక్టరు లైసెన్సున్నవాడు దానికి ట్రైలర్ తగిలించినంత మాత్రాన అనర్హుడు కాడని 2001లో నాగశెట్టి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 7500 కిలోల లోపు రవాణా వాహనాలకు ఎల్ఎంవీ లైసెన్సు చాలని 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. బరువు దగ్గర మాత్రం ఉదారత లేదు. 2019 సవరణ తర్వాత అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి టన్నుకూ మరో 2,000. ఫ్రాన్స్ పద్ధతి దీనికి తలకిందులు. 750 కిలోలు దాటిన ట్రైలర్‌తో కలిపి మొత్తం 3500 దాటితే మామూలు కారు లైసెన్సు చాలదు. 4250 దాకా అదనపు శిక్షణ, ఆపైన వేరే లైసెన్సు కావాలి. బరువును బట్టే డ్రైవరు అర్హత.

పుదుచ్చేరికి వాహనాల విషయంలో ఒక పేరుంది. ఇక్కడ రోడ్డు పన్ను తక్కువని ఇతర రాష్ట్రాలవాళ్లు ఖరీదైన కార్లకు పీవై నంబరు వేయించుకునేవారు. 2017లో కేరళలో ఇది పెద్ద వివాదమై కేసుల దాకా వెళ్లింది. పన్నులో మిగిలే రూపాయిని అంత శ్రద్ధగా లెక్కేసే మనం కిలోల లెక్క దగ్గరికి వచ్చేసరికి ‘ఏం కాదులే’ అంటాం.

ఆ లెక్క తేల్చుకోవడానికి ఖర్చు కూడా పెద్దగా ఉండదు. రైస్‌మిల్లు దగ్గరో, ఇనుము కొట్టు దగ్గరో వేబ్రిడ్జి ఉంటుంది. బయలుదేరే రోజు ఎలా ఉంటుందో అలాగే, నీళ్లు, సామాను, మనుషులతో సహా తూకం వేయించాలి. మొదట కారూ ట్రైలరూ కలిపి, తర్వాత ట్రైలర్ విప్పి కారు ఒక్కటీ. కొక్కెం బరువుకు ఇంట్లో మనుషులు తూగే మిషన్ చాలు. సమతలమైన చోట ట్రైలర్ ముందుభాగాన్ని, కొక్కెం ఎత్తులోనే ఉండేట్టు ఒక దుంగ పెట్టి, దాని మీద ఆనిస్తే సరి. నెల్లూరు కుటుంబం ఆ పని చేసి ఉంటే దారి దొరికేది. టాప్ మీది టెంటు దించేస్తే 60. పుదుచ్చేరిలో నీళ్లకు కరువా, ట్యాంకు ఖాళీగా తెస్తే 80. ఇంకో పాతిక కిలోల సామాను ఇంట్లో వదిలేస్తే 165 కిలోలూ తగ్గాయి.

ఊళ్లోకి వచ్చాక మరో చిక్కు. పాత ఫ్రెంచి పేట వీధులు ఇరుకు, చాలావాటిలో వన్‌వే. సాయంత్రమైతే బీచ్ రోడ్డు మీదికి బండ్లను రానివ్వరు. ట్రైలర్‌ను ఊరి బయటే గెస్ట్‌హౌస్ ఆవరణలో విప్పి, చక్రాలకు అడ్డు రాళ్లు పెట్టి, కారులో లోపలికి రావాలి.