గేటు దాకా వచ్చిన ఇంటర్నెట్ గది దాకా రావాలంటే

యూనివర్సిటీలో ఇంటర్నెట్ ఉండటం వేరు, అది విద్యార్థికి అందటం వేరు. పీజీలో చేరాక మాకు బాగా అర్థమైన సంగతి ఇదే. ఇంట్లో కంప్యూటర్ లేని మనలాంటి వాళ్ళకు క్యాంపస్ ల్యాబు, హాస్టల్ వైఫైలే ఆధారం. అందుకే లోపం ఎక్కడుందో తెలుసుకోవటం అవసరం.

2010లో కేంద్ర ప్రభుత్వం నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్‌కు ఆమోదం తెలిపింది. దాని కింద ఎన్నో యూనివర్సిటీలకు సెకనుకు 1 గిగాబిట్, అంటే 1000 మెగాబిట్ల లైను వచ్చింది. ఒకేసారి 500 మంది వాడితే తలా 2 మెగాబిట్లు. అదైనా హాస్టల్‌కు వస్తుందా? ఊరి ట్యాంకు నిండా నీళ్ళున్నా, వీధికి సన్నపైపు వేస్తే బిందె నిండదు. హాస్టల్‌లో పాత 100 మెగాబిట్ల స్విచ్ ఉంటే, బయట లైను ఎంత పెద్దదైనా మన భవనానికి వచ్చేది ఆ 100 మాత్రమే. 200 మంది పంచుకుంటే తలా అర మెగాబిట్!

వైఫైదీ ఇదే కథ. ఒక పెట్టె నుంచి వచ్చే సిగ్నల్‌ను అందరూ వంతులవారీగా వాడుకోవాలి. గోడలు అడ్డొస్తే అది ఇంకా బలహీనపడుతుంది. వరండాకు ఒక పెట్టె పెడితే చివరి గదుల వాళ్ళకు మిగిలేది ఎదురుచూపే. కరెంటు పోయినప్పుడు యూపీఎస్ బ్యాటరీ పనిచేయకపోతే అదీ ఉండదు.

దీనివల్ల పోయేది సినిమాలు కాదు, చదువు. 2025 జనవరి 1న మొదలైన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకం కింద ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల విద్యార్థులకు సుమారు 13,000 పరిశోధన పత్రికలు అందుబాటులోకి వచ్చాయి. ప్రజల సొమ్ముతో కొన్న ఆ పత్రికలు తెరుచుకోకపోతే అవి మనకు లేనట్టే.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! "నెట్ స్లో" అని నోటిమాటగా చెప్పి ఊరుకోకండి. ఏ భవనం, ఏ సమయం, ఎంత వేగం వచ్చింది అని వారం రోజులు రాసి, అందరూ సంతకాలు చేసి ఇవ్వండి. హాస్టల్ దాకా ఫైబర్ కేబుల్, గిగాబిట్ స్విచ్, గదులకు సరిపడా వైఫై పెట్టెలు, రాత్రి 10 గంటల దాకా ల్యాబు అడగండి. కొన్న రోజునే బ్యాటరీల మార్పిడికీ, మరమ్మతుకూ ఏటా డబ్బు కేటాయించమనండి. లేకుంటే కొత్త పరికరం నాలుగేళ్ళలో మూలకు చేరుతుంది.

లెక్కతో అడిగిన దాన్ని తోసిపుచ్చటం కష్టం. మేము వెళ్ళిపోయినా ఆ కాగితం మీ తర్వాతి వాళ్ళకూ పనికొస్తుంది.