పేరు నిలవాలంటే పదును ఉండాలి

మంచిర్యాలలో అయినా, మరే ఊళ్లో అయినా ఆడపిల్ల పెళ్లికి స్టీలు, ఇత్తడి సామాన్లు కొంటే, వాటి మీద పేరు కొట్టించనిదే అమ్మకు తృప్తి ఉండదు. బిందె మీది అక్షరాలు తరాలు నిలుస్తాయి. అక్షరం వంకర పోతే ఆ వంకరా నిలిచిపోతుంది!

తప్పు చాలాసార్లు చేతిది కాదు, ఉలిది. మొద్దుబారిన ఉలి లోహాన్ని కోయదు, జారుతుంది. జారకూడదని గట్టిగా ఒత్తితే గీత పక్కకు పోతుంది, ఒక్కోసారి వేలూ తెగుతుంది.

అందుకే చెక్కడం నేర్చుకునేవారు ముందు సాన పట్టడం నేర్చుకోవాలి. సానరాయి మీద రెండు చుక్కల నూనె వేసి, మొనను ఒకే వాలులో రుద్దాలి. చెయ్యి ఊగితే మొన గుండ్రమవుతుంది. కరెంటు సాన మీదైతే మాటిమాటికీ నీళ్లలో ముంచాలి. మొన నీలంగా మారిందంటే వేడికి ఉక్కు మెత్తబడినట్టే. ఆ నీలం భాగం అరగదీసేదాకా పదును నిలవదు.

పరీక్ష సులువే. మొనను బొటనవేలి గోటి మీద మెల్లగా ఆనించండి. పట్టుకుంటే పదునున్నట్టు, జారితే లేనట్టు.

బీదరు బిద్రీ పనివాళ్లకైనా ఈ పాఠం తప్పదు. వెండి తీగ ఒదిగేది ఉలి తవ్విన సన్నని గాడిలోనే కదా!

ఈసారి పేరు కొట్టించేటప్పుడు గిన్నె అడుగున ఒక్క గీత గీసి చూపమనండి. గీత శుభ్రంగా పడ్డాకే పేరు చెప్పండి.