ఖాతా మారింది, మరి ఉత్తరాల పెట్టె?

ఇంట్లో లినక్సు కంప్యూటరు పెట్టుకున్నవాళ్ళకీ, ఆఫీసులో యూనిక్సుతో కుస్తీ పట్టేవాళ్ళకీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే చిక్కు ఒకటి ఈవేళ విప్పుకుందాం. ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి మారి ఈమెయిలు చూడబోతే, "పర్మిషన్ డినైడ్" అని కంప్యూటరు మొండికేస్తుంది. ఒక్కోసారి అంతకన్నా చిత్రంగా, వేరేవాళ్ళ ఉత్తరాలు తెచ్చి ముందు పెడుతుంది. ఎందుకిలా?

"ఇప్పుడందరం జీమెయిల్లోనే చూసుకుంటున్నాం కదండీ, ఈ గొడవ మనకెందుకు?" అంటారేమో. మన ఉత్తరాల సంగతి సరే. కంప్యూటరు తన గోడు చెప్పుకునేది మాత్రం ఇప్పటికీ చాలాచోట్ల ఈ పాత పద్ధతిలోనే. రాత్రిపూట దానంతటదే జరగాల్సిన బ్యాకప్పు ఆగిపోయినా, డిస్కు చెడిపోయే లక్షణాలు కనిపించినా, ఆ కబురు సాధారణంగా రూట్ అనే యజమాని ఖాతాకి ఉత్తరంగా వెళ్తుంది. ఆ పెట్టె ఎవరూ తెరవకపోతే, పిల్లల చిన్నప్పటి ఫోటోలున్న డిస్కు చెప్పాపెట్టకుండా పోయిందని బాధపడతాం. అది చెప్పే ఉంటుంది, వినేవాళ్ళే ఉండరు. విజయవాడలో అమ్మానాన్నల ఇంట్లో కంప్యూటరు పెట్టి, ఇక్కణ్ణుంచి దాని బాగోగులు చూసుకునేవారు ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి.

ఇక అసలు సంగతి. యూనిక్సులో ఒక్కో ఖాతాకీ ఒక్కో ఉత్తరాల పెట్టె. మామూలుగా అది ఆ ఖాతా పేరుతోనే ఉండే ఒక ఫైలు. రవి పెట్టె లత తెరవలేదు, లత పెట్టె రవి తెరవలేడు. రూట్‌కి మాత్రం ఏ తలుపూ అడ్డం కాదు.

ఖాతా మారడానికి వాడే ఆజ్ఞ ఎస్ యూ, రెండే అక్షరాలు. ఉత్తరాలు చదవడానికి మెయిల్ అనే ఆజ్ఞ ఉంది. రెండూ పాతకాపులే, 1971 నవంబరులో వచ్చిన మొట్టమొదటి యూనిక్సు మాన్యువల్లోనే ఉన్నాయి.

మనం లాగిన్ అయినప్పుడు కంప్యూటరు మన చేతికో చీటీ ఇస్తుందనుకోండి. దానిమీద "నీ ఉత్తరాల పెట్టె ఫలానా చోట" అని రాసి ఉంటుంది. ఈ చీటీ పేరు కూడా మెయిలే, కాకపోతే అన్నీ పెద్దక్షరాలు. ఉత్తరాలు చదివే ప్రోగ్రాము ముందుగా ఈ చీటీనే చూస్తుంది. రవి ఉత్త ఎస్ యూతో లత ఖాతాలోకి మారితే పేరు మారుతుంది, హక్కులు మారతాయి, చీటీ మాత్రం పాతదే జేబులో ఉంటుంది. ప్రోగ్రాము రవి పెట్టె దగ్గరికి వెళ్తుంది. ఇప్పుడు చేతిలో ఉన్నవి లత హక్కులు కాబట్టి తలుపు తెరుచుకోదు. కొన్ని లినక్సుల్లో ఈ చీటీ తనంతట తనే మారేలా ఏర్పాటు ఉంది, అన్నింటిలోనూ లేదు.

రవి రూట్‌గా మారితే ఇంకో తమాషా. చీటీ రవిది, హక్కులు రూట్‌వి. పెట్టె హాయిగా తెరుచుకుంటుంది, కానీ అది రవి పెట్టె! రూట్‌కి వచ్చిన హెచ్చరికలు పక్క పెట్టెలో అలాగే పడి ఉంటాయి. పైగా చాలా యంత్రాల్లో క్యూ కొట్టి బయటికొస్తే, చదివేసిన ఉత్తరాలు పెట్టెలోంచి తీసి, ఎమ్‌బాక్స్ అనే ఫైలులోకి మారుస్తుంది. ఆ ఫైలు రూట్ ఇంట్లో తయారవుతుంది. మర్నాడు రవి చూసుకుంటే ఉత్తరాలు మాయం! అనుమానంగా ఉంటే క్యూ బదులు ఎక్స్ కొట్టండి. పెట్టె ఎలా ఉన్నది అలాగే ఉంటుంది.

మందు చాలా చిన్నది. ఎస్ యూ తర్వాత ఒక ఖాళీ, ఒక చిన్న అడ్డగీత, ఆ పైన ఖాతా పేరు. గీత ఉంటే కొత్తగా లాగిన్ అయినట్టే లెక్క, చీటీలన్నీ కొత్తవే వస్తాయి. సందేహం వస్తే హూ యామ్ ఐ అని ఖాళీలు లేకుండా కొట్టండి, మీరిప్పుడు ఎవరో చెబుతుంది. ఎకో అని కొట్టి, ఖాళీ వదిలి, డాలరు గుర్తు, దాన్ని ఆనుకుని పెద్దక్షరాల్లో మెయిల్ అని కొడితే చీటీలో ఏముందో చూపిస్తుంది.

అంతకన్నా మేలైన దారి, రూట్ ఉత్తరాలు మీ ఖాతాకే వచ్చేలా చేసుకోవడం. సెండ్‌మెయిల్, పోస్ట్‌ఫిక్స్ లాంటివి ఉన్న యంత్రాల్లో ఎలియాసెస్ అనే ఫైలు ఉంటుంది. అందులో రూట్, కోలన్, మీ ఖాతా పేరు రాసి, న్యూఎలియాసెస్ ఆజ్ఞ నడపండి. ఆ తర్వాత రూట్‌కి ఒక పరీక్ష ఉత్తరం పంపి, అది మీకు చేరిందో లేదో చూసుకోండి. జీమెయిలుకి రప్పించుకోవాలంటే మాత్రం ఆ యంత్రం బయటికి ఉత్తరాలు పంపగలిగేలా అమర్చి ఉండాలి.

చివరగా ఒక్కమాట. ఇంట్లో రూట్ పాస్‌వర్డు ఎవరి దగ్గరుంటే వాళ్ళు అందరి పెట్టెలూ తెరవగలరు. తాళంచెవి ఉంది కదా అని పిల్లల ఉత్తరాలు, ఇంటావిడ ఉత్తరాలు చదవడం మర్యాద కాదు. పైన చెప్పినట్టు పొరపాటున తెరుచుకుంటే చప్పున ఎక్స్ కొట్టి బయటికి వచ్చేయండి.

ఈ శనాదివారాల్లో తీరిక చేసుకుని మీ ఇంటి కంప్యూటర్లో రూట్ పెట్టె ఒకసారి తెరిచి చూడండి. ఏం చెప్పాలని ఎదురుచూస్తోందో!