పన్నెండు నిండితే బండి దిగాల్సిందే

మాది తాండూరు దగ్గర కరణ్‌కోట. సిమెంటు, నాపరాళ్ల లారీ తోలుతా. చలానా వస్తే ఓనరే కడతాడు, డ్రైవర్‌కు సెగ తగలదు. 2017 ఆగస్టు 1న తెలంగాణ మొదలుపెట్టిన పెనాల్టీ పాయింట్ల పద్ధతిలో మాత్రం దెబ్బ నడిపినోడి లైసెన్సు మీదే. హెల్మెట్ లేకుంటే 1, వేగం మీరితే 2, పరిమితికి 40 కిలోమీటర్లు మించితే 3. 24 నెలల్లో 12 నిండితే ఏడాది సస్పెన్షన్.

బాగుంది. కానీ కెమెరాకు చిక్కేది నంబర్ ప్లేటే. స్టీరింగ్ ఎవరి చేతిలో ఉందో ఆపి లైసెన్సు చూస్తేనే తేలుతుంది.

2025 నవంబర్ 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ మా తాండూరు ఆర్టీసీ బస్సును గుద్దింది. 19 మంది పోయారు. ఆ రోడ్డు మీద ట్రిప్పుల లెక్కన కూలి తీసుకునేటోళ్లం మేం. నిదానంగా పోతే ఆ రోజు ఒక ట్రిప్పు తగ్గినట్టే. ఇలా ట్రిప్పుల లెక్కన తోలించే ఓనర్‌కు ఎన్ని పాయింట్లు?