గడువు దాటిన అప్పీలు: అడ్డు చెప్పేదెవరు?

భూమి తగాదాలు చూస్తూ పెరిగిన మనలో చాలామందికి ఒక ధీమా ఉంటుంది. అప్పీలు గడువు దాటినా, ఆలస్యం మన్నించమని ప్లీడరుచేత ఒక పిటీషను వేయిస్తే సరిపోతుందని! తగిన కారణం చూపితే 1963 నాటి లిమిటేషన్ చట్టం 5వ సెక్షను అందుకు దారి ఇస్తుంది కూడా. అయితే అదే చట్టం 3వ సెక్షను ప్రకారం, ఎదుటివారు నోరెత్తకపోయినా గడువు మీరిన అప్పీలును కోర్టే కొట్టివేయాలి. అమెరికాలో పద్ధతి వేరు.

ఇక్కడి ఫెడరల్ కోర్టులో సివిల్ తీర్పుపై అప్పీలు నోటీసుకు 30 రోజులు. ప్రభుత్వం కక్షిదారైతే 60. పొడిగింపు ఉన్నా చాలా తక్కువ. ఈ గడువు కాంగ్రెసు చేసిన చట్టంలోనే ఉంది కనుక దాన్ని జడ్జీ కూడా సడలించలేడు. 2007 నాటి బౌల్స్ వర్సెస్ రస్సెల్ కేసు అందుకు సాక్ష్యం. చట్టం 14 రోజులు ఇస్తుంటే జడ్జీ పొరపాటున 17 రోజులని ఆర్డరు రాశాడు. ఒహాయో ఖైదీ ఆ ఆర్డరు నమ్మి 16వ రోజున దాఖలు చేశాడు. సుప్రీం కోర్టు 5–4 తేడాతో అప్పీలు చెల్లదంది. జస్టిస్ సౌటర్ గట్టిగా విభేదించాడు. నాకూ ఆయన పక్షమే న్యాయమనిపిస్తుంది. జడ్జీ మాట నమ్మినందుకా శిక్ష?

గడువు కేవలం కోర్టు నిబంధనలో ఉంటే కథ మారుతుంది. ఎదుటివారు సకాలంలో అభ్యంతరం చెప్పాలి. చెప్పకపోతే ఆ హక్కు పోయినట్లే. 2004 నాటి కాంట్రిక్ వర్సెస్ రయన్ కేసులో ఇద్దరూ డాక్టర్లే, ఒకప్పుడు కలిసి ప్లాస్టిక్ సర్జరీ ప్రాక్టీసు చేసినవారు! ఒకరు 1997లో దివాలా పిటీషను వేశారు. ఆయన తన డబ్బు భార్య ఖాతాకు మళ్ళించాడని రెండవవారు ఫిర్యాదు చేశారు, కాని గడువు దాటాక. మొదటి డాక్టరు ఆ సంగతి తన జవాబులో ఎత్తలేదు. తీర్పు వ్యతిరేకంగా వచ్చాక ఎత్తాడు. ఆలస్యమైంది మీ అభ్యంతరమే అని సుప్రీం కోర్టు ఏకగ్రీవంగా తోసిపుచ్చింది. 2017లో షికాగో నుంచి వచ్చిన హేమర్ కేసులోనూ అదే సూత్రం. అక్కడ పొడిగింపుకు హద్దు పెట్టింది కోర్టు నిబంధన మాత్రమే.

మన కుటుంబాలకు మరీ దగ్గరిది 2025 నాటి రైలీ వర్సెస్ బాండీ. దేశం నుంచి పంపివేసే ఉత్తర్వుపై అప్పీల్సు కోర్టుకు వెళ్ళడానికి 30 రోజులు. ఈ గడువు చట్టంలోనే ఉంది. అయినా ఇది కోర్టు అధికారాన్నే హరించే గడువు కాదని సుప్రీం కోర్టు తేల్చింది. అంటే ప్రభుత్వం అభ్యంతరం చెప్పకపోతే కేసు నిలవవచ్చు. కాని ప్రభుత్వ ప్లీడర్లు ఊరుకుంటారని ఆశపడి కూర్చోవద్దు. ఈ పిటీషను 30వ రోజుకల్లా క్లర్కుకు చేరాలి, పోస్టులో వేస్తే చాలదు. సివిల్ అప్పీలుకైతే రోజులు లెక్కించేది తీర్పు కోర్టు రిజిస్టరులో ఎక్కిన తేదీ నుంచి, మన ఇంటికి కవరు అందిన నాటి నుంచి కాదు.