ఒక వాట్ చాలు, ఎత్తుంటే

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ నేలకొరిగాయి. సెల్‌ఫోన్లు మూగబోయే అలాంటి రోజుల్లో వాకీటాకీయే దిక్కు. కానీ దానికీ చార్జింగు కావాలి, వాట్లు పెంచితే బ్యాటరీ త్వరగా అయిపోతుంది. కాబట్టి దూరం కోసం వెంటనే వాట్లు పెంచడం తప్పని నా వాదన. ముందు ఎత్తు చూసుకోవాలి. వాకీటాకీలు వాడే వీహెచ్ఎఫ్ తరంగాలు దాదాపు చూపుమేరకే వెళతాయి. సెట్టు నేలకు మీటరున్నర ఎత్తులో ఉంటే రేడియో దిగంతం సుమారు 5 కిలోమీటర్లు, అంటే ఒడ్డున నిలబడ్డ ఇద్దరి మధ్య 10. వారిలో ఒకరు 100 మీటర్ల కొండెక్కితే అదే 46 అవుతుంది. మరి 1 వాట్‌ని 5 చేస్తే? నేలను ఆనుకొని సాగే తరంగానికి దూరం ఇంచుమించు ఒకటిన్నర రెట్లే పెరుగుతుంది.

బ్యాటరీ సంగతి ఇంకా ఆసక్తికరం. ఎఫ్ఎం సెట్టులో బటన్ నొక్కి ఉంచినంతసేపూ, నోరు మెదపకపోయినా, పూర్తి శక్తి ఖర్చవుతూనే ఉంటుంది. 1500 మిల్లీయాంపియర్-అవర్ బ్యాటరీ ఉన్న సెట్టు 5 వాట్ల దగ్గర 1.5 యాంపియర్లు, 1 వాట్ దగ్గర 0.6 తీసుకుంటుందనుకుందాం. సహాయ చర్యల్లో పావు వంతు సేపు మాట్లాడి, పావు వంతు విని, మిగతా సేపు ఊరకుంటే బ్యాటరీ 5 వాట్ల మీద సుమారు మూడు గంటలు, 1 వాట్ మీద సుమారు ఆరు గంటలు వస్తుంది. శక్తి అయిదో వంతైనా ఆయుష్షు రెట్టింపే, ఎందుకంటే మిగతా సర్క్యూట్ల ఖర్చు తగ్గదు. ఊరకున్న సమయాన్ని కాపాడేది బ్యాటరీ సేవర్ అనే చక్కటి ఉపాయం. రిసీవర్ ఎక్కువ సేపు నిద్రపోతుంది, క్షణంలో చిన్న భాగం మేలుకొని తరంగం ఉందేమో చూసి, లేకపోతే మళ్లీ పడుకుంటుంది. అందుకే మొదటి అక్షరం తెగిపోతుంది. బటన్ నొక్కి, ఒక్క క్షణం ఆగి మాట్లాడాలి. రెండో ప్రపంచయుద్ధం నాటి ఎస్సీఆర్-536 అనే చేతి సెట్టుకి ఈ వెసులుబాటు లేదు. వాల్వుల ఫిలమెంట్లు వింటున్నంతసేపూ కాలుతూనే ఉండేవి. ట్రాన్సిస్టర్లు వచ్చి ఆ బెడద తీర్చాయి.

సిగ్నల్ అంచున ఉన్నప్పుడు 5 వాట్లు వాడకపోతే మాట తెగి, మళ్లీ మళ్లీ చెప్పాల్సి వచ్చి బ్యాటరీ ఇంకా ఖర్చవుతుందని కొందరంటారు. నిజమే. ఎఫ్ఎంలో సిగ్నల్ ఒక హద్దు దిగితే మాట ఒక్కసారిగా గోలలో కలిసిపోతుంది. అక్కడ ఎక్కువ శక్తి అవసరమే. అయితే అది చివరి ఆయుధం కావాలి, అలవాటు కాకూడదు. తుపాను హెచ్చరిక రాగానే సెట్లు నిండా చార్జి చేసి 1 వాట్‌కి పెట్టుకోండి. గాలి తగ్గాక ఏ మేడ మీద, ఏ గుట్ట మీద ఎవరు నిలబడాలో ముందే తేల్చుకోండి.