పై అంతస్తు చప్పుడు

పట్టణములలో స్థలము కరవైన కొలది ఇండ్లు పైపైకి పెరుగుచున్నవి. అపార్టుమెంటులో ఒక కుటుంబము నడచు నేలయే క్రింది కుటుంబమునకు పైకప్పు. పైవారి పిల్లల పరుగులు, కుర్చీల రాపిడి, అల్లము దంచు చప్పుడు క్రిందివారి నిద్రను చెరచుచుండును. "కావలెననియే చేయుచున్నారు" అని క్రిందివారు, "మా యింట మేము నడువకూడదా?" అని పైవారు వాదులాడుకొందురు. పెక్కు సందర్భములలో తప్పు మనుష్యులకంటె కట్టడములో ఎక్కువగా నుండును. చప్పుడు ఏ మార్గమున వచ్చుచున్నదో తెలిసికొన్నచో, జగడము తగ్గుటయే గాక నివారణ ఎచ్చట చేయవలెనో కూడ బోధపడును.

రెండు మార్గములు

మాటలు, పాటలు మొదట గాలిలో పుట్టి, పిమ్మట శ్లాబునకు తగులును. కాంక్రీటు గాలికంటె సుమారు 2,000 రెట్లు బరువైనది. పలుచని గాలి అంతటి బరువును కదల్చుట కష్టము. కావున శబ్దశక్తిలో చాల భాగము వెనుకకు మరలిపోవును. పైవారి మాటలు సాధారణముగా క్రిందికి స్పష్టముగా వినబడకపోవుటకు ఇదియే కారణము.

అడుగుల చప్పుడు ఇట్టిది కాదు. మడమ నేలను తాకినపుడు దెబ్బ నేరుగా కాంక్రీటునకే తగులును. శ్లాబు మద్దెల చర్మమువలె కంపించి క్రింది గదిలోని గాలిని కదల్చును. కాంక్రీటులో పుట్టిన కంపనము త్వరగా అణగదు. కొయ్యబల్ల ఒక కొనకు చెవి ఆనించి, రెండవ కొనను గోటితో మెల్లగా గీకించి చూడవచ్చును. గాలిలో వినబడని గీకుడు బల్లగుండ స్పష్టముగా వినవచ్చును.

కుర్చీని ఈడ్చినపుడు దాని కాలు నేలను ఒక క్షణము పట్టుకొని, మరుక్షణము జారి, మరల పట్టుకొనును. వయొలిన్ తీగపై కమాను చేయు పనియు ఇదియే. శ్లాబు ఆ కంపనమును పెద్దది చేసి వినిపించును. రాత్రివేళ వీధి సందడి అణగుటచే, పగలు మరుగుపడిన చిన్న చప్పుడు సైతము పెద్దదిగా తోచును.

చప్పుడు ఎవరిది?

హైదరాబాదు వంటి నగరములలో పెక్కు ఎత్తైన భవనములను అల్యూమినియం అచ్చులతో, గోడలు, శ్లాబు ఒక్కటిగా కాంక్రీటు పోసి కట్టుచున్నారు. ఇట్టి కట్టడములో కంపనము గోడలవెంట ప్రాకి, ప్రక్క ఫ్లాటులోనికిని, మరియొక అంతస్తునకును చేరగలదు. కనుక పైకప్పు మ్రోగినంత మాత్రమున సరిగా పైనున్నవారే దోషులని నిశ్చయింపరాదు. చప్పుడైన వేళలను కొన్ని దినములు వ్రాసికొని, ఆ వేళలలో పైవారు ఇంట నున్నారో లేదో మర్యాదగా విచారించుట మొదటి పని. చేయని తప్పునకు నిందపడినవారు, తరువాత చేయగల సాయమును కూడ చేయరు.

నివారణ

క్రిందివారు తమ గదిలో అదనపు కప్పు వేయించినచో చాలునని తలంతురు. ఆ కప్పును ఇనుప కడ్డీలతో శ్లాబునకు బిగించినచో కంపనము కడ్డీలవెంట దిగివచ్చును. రబ్బరు కొక్కెములకు వ్రేలాడదీసినను, గోడలు మ్రోగుట మానవు. దెబ్బను తగిలిన చోటనే మెత్తపరచుట ఉత్తమము. అనగా మందు పై అంతస్తులో వేయవలెను.

మెత్తని వస్తువు దెబ్బ తగులు కాలమును పొడిగించి, దాని తీవ్రతను తగ్గించును. కుర్చీ కాళ్లకు ఉన్ని బిళ్లలు, రోలు క్రింద దళసరి రబ్బరు లేక మడచిన గోనెసంచి, మిక్సీ క్రింద రబ్బరు పలక, నడచు దారిలో తివాచీ ఉపయోగపడును. వీనికగు వ్యయము స్వల్పము. క్రిందివారు ఆ వ్యయమును పంచుకొనుటకు ముందుకు వచ్చుట న్యాయము. అయితే తివాచీ గిన్నె పడిన "ఠంగు" మను శబ్దమును అణచినంతగా, పిల్లల పరుగుల "ధబధబ"లను అణచలేదు. మడమ తానే మెత్తనిది. దాని దెబ్బలో మంద్రధ్వనులే ఎక్కువ. వీనిని తగ్గించుటకు పరుగులాటలను నిద్రవేళకు ముందే ముగించుట తప్ప సులభోపాయము లేదు.

కట్టునపుడే తీసికొను జాగ్రత్త మేలైనది. శ్లాబుపై రబ్బరు లేక ఖనిజపు ఉన్ని పొర పరచి, దానిపై గచ్చు పోయుదురు. అంచులలో కూడ మెత్తని పట్టీ పెట్టి, గచ్చు గోడను తాకకుండ చేయుదురు. దీనిని తేలుడు గచ్చు అనవచ్చును. ఒక్కచోట సిమెంటు కారి శ్లాబును అంటినను, ఆ వంతెనగుండ కంపనము దిగిపోయి, శ్రమ చాలవరకు వృథా యగును. ఇట్టి గచ్చుల పరీక్షకు ఒక యంత్రము కలదు. అందులో అర కిలో బరువుగల 5 ఉక్కు సుత్తులు 4 సెంటీమీటర్ల ఎత్తునుండి పడుచు, సెకండునకు 10 దెబ్బలు కొట్టును. క్రింది గదిలో చప్పుడును డెసిబెల్లలో కొలుతురు. 10 డెసిబెల్లు తగ్గినచో శబ్దశక్తి పదియవ వంతగును. చెవికి మాత్రము సుమారు సగము తగ్గినట్లు తోచును.

దక్షిణ కొరియాలో 2014 నుండి, గోడలపై భారము నిలుపు కొత్త అపార్టుమెంట్లలో శ్లాబు మందము కనీసము 210 మిల్లీమీటర్లు ఉండవలెనని నియమము. మన దేశపు 2000 నాటి ధ్వని కాలుష్య నియమములు నివాస ప్రాంతములకు పగలు 55, రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు 45 డెసిబెల్లను హద్దుగా పెట్టినవి. ఇవి ఆ ప్రాంతపు పరిసరములలోని ధ్వనికి సంబంధించినవి. శ్లాబుగుండ దిగు అడుగుల చప్పుడును వీనితో కొలుచుట కష్టము. కనుక ఫిర్యాదుకంటె ఇరువురి ఒప్పందమే త్వరగా ఫలించును.

ఫ్లాటు కొనువారు గోడల రంగును, కిటికీల గాలిని చూతురు. శ్లాబు మందమెంత, గచ్చు క్రింద మెత్తని పొర కలదా అని కూడ అడుగవలెను. వీలైనచో పై ఫ్లాటులో ఒకరిని నడిపించి, కుర్చీ జరిపించి, క్రింద నిలిచి వినవలెను. ఆ అయిదు నిమిషముల పరీక్ష ఏండ్ల తరబడి నిద్రను కాపాడగలదు.